లంగరెత్తక మునుపు

సాహసమనే మాటకు మన విద్యార్థి లోకంలో ఉన్న గౌరవం సన్నాహమనే మాటకు లేదు. సముద్రం మీదికి బయలుదేరిన నావకు చేతులూపేవారు వేలమంది ఉంటారు. ఆ నావ కదలడానికి ఎన్నో మాసాల ముందు, దీపం క్రింద కూర్చుని, పటం మీద వేలు పెట్టి లోతులు చదివినవాని ముఖం మాత్రం ఎవరికీ తెలియదు. ఈ వ్యాసంలో ఆ రెండవవాని పక్షాన నాలుగు మాటలు చెప్పదలచాను. నిజానికి ఇది నేను మన విద్యార్థులు నలుగురికి చాలా ఆలస్యంగా ఇస్తున్న సమాధానం.

గత విద్యా సంవత్సరంలో, దసరా సెలవులు ముగిసిన కొద్ది రోజులకు, ద్వితీయ సంవత్సరం చదువుతున్న నలుగురు విద్యార్థులు నా గదికి వచ్చారు. ఇద్దరు ఉర్దూ మాధ్యమం వారు, ఇద్దరు తెలుగు మాధ్యమం వారు. వారిలో ఒకరి మేనమామ చెన్నైలో ఉంటారు. ఆయనకు పరిచయస్థులైన ఒక విశ్రాంత నావికునికి ముప్పై ఎనిమిది అడుగుల యాట్ ఉంది. యాట్ అంటే తెరచాపతో నడిచే చిన్న నౌక. లోపల పడుకోవడానికి, వండుకోవడానికి వసతి ఉండి దూర ప్రయాణానికి పనికివస్తుంది. “ప్రణాళిక మీరే వ్రాసి తెస్తే మిమ్మల్ని చెన్నై నుండి విశాఖపట్నం దాకా తీరం వెంబడి తీసుకుపోతాను” అని ఆ పెద్దమనిషి వారికి మాట ఇచ్చారట. కళాశాల తరఫున సమ్మతి పత్రం కావాలని వారు నన్ను అడిగారు.

వారు వ్రాసి తెచ్చిన ప్రణాళిక ఒక్క పుట. బయలుదేరే తేదీ నవంబరు 20. ఆ తరువాత తినుబండారాల జాబితా, రెండు క్యాన్ల మంచినీళ్ళు, ఒక కెమెరా, కళాశాల పేరు రెండు లిపులలో వ్రాసిన పన్నెండడుగుల బ్యానరు. బ్యానరు పొడవు వ్రాశారు గాని, నావ ఎంత లోతు నీటిలో తేలుతుందో వ్రాయలేదు. నేను ఆ కాగితం చదివి, “వీలుపడదు” అని ఒక్క మాటతో తిరిగి ఇచ్చివేశాను. వారిలో ఒకరు మర్యాదగానే, “సార్, తారిణిలో ఆడపిల్లలు భూగోళాన్నే చుట్టి వచ్చారు. మేము గట్టు కనబడుతూ ఉండగా పోతామంటున్నాము, అంతే కదా!” అన్నారు. నేను సమాధానం చెప్పలేదు. సార్‌కు నీళ్ళంటే భయమని తరువాత వరండాలో అనుకున్నారని విన్నాను. అది నిజమే. నాకు ఈత రాదు. అయితే ఆనాడు నేను కాదన్నది భయంచేత కాదు. కారణం చెప్పకుండా కాదనడం మాత్రం నా తప్పు. ఆ కారణాలనే ఇప్పుడు వరుసగా విన్నవించుకుంటాను.

మొదట వారు చూపిన ఉదాహరణనే తీసుకుందాం. భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవా నుండి ‘తారిణి’ అనే తెరచాప నౌకలో బయలుదేరి, 254 రోజులలో 21,600 నాటికల్ మైళ్ళకు పైగా ప్రయాణించి, 2018 మే 21న గోవాకు తిరిగి చేరుకున్నారు. వారిలో స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య బొడ్డపాటి హైదరాబాదు అమ్మాయి. ఇది మనకు గర్వకారణం. కాని ఆ 254 రోజులకు ముందు వారు ఏమి చేశారో ఎందరికి తెలుసు? శిక్షణ కాలంలోనే వారు దాదాపు ఇరవై వేల నాటికల్ మైళ్ళు నావ నడిపారు. 2016లో అంతర్జాతీయ నౌకా సమీక్ష కోసం గోవా నుండి విశాఖకు ‘మాదేయి’ నౌకలో వచ్చినవారు వారే. అటుపిమ్మట మారిషస్‌కు, ఆ తరువాత కేప్‌టౌన్‌కు పోయి వచ్చారు. అనగా భూగోళాన్ని చుట్టక ముందే మరొక భూగోళమంత నీటిని వారు దాటారు. అంతకు ముందు 2009-10లో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టి వచ్చిన మొదటి భారతీయుడు దిలీప్ దోండే చరిత్ర కూడా ఇదే చెబుతుంది. ఆయన ఆ పనికి ముందుకు వచ్చినది 2006లో. సముద్రం మీద గడిపినది తొమ్మిది మాసాలు, సన్నాహంలో గడిపినది మూడేళ్ళకు పైగా. మన కంటికి కనిపించిన సాహసం కనిపించని సన్నాహంలో నాలుగవ వంతు మాత్రమే.

ఇక తేదీ విషయం. ఉర్దూలో మనం ‘మౌసమ్’ అంటాము. దీనికి మూలం అరబ్బీలోని ‘మౌసిమ్’. ఏటేటా వచ్చే నియత కాలమని అర్థం. ఇంగ్లీషు వారి ‘మాన్సూన్’ ఈ మాటనుండే, పోర్చుగీసు నోట నలిగి, పుట్టింది. పదిహేనవ శతాబ్దంలో అహ్మద్ ఇబ్న్ మాజిద్ అనే అరబ్బు నావికుడు హిందూ మహాసముద్ర యానం గురించి పెద్ద గ్రంథం వ్రాశాడు. ఏ తీరం నుండి ఏ తీరానికి ఏ రోజులలో బయలుదేరాలో, ఏ రోజు దాటితే ఆగిపోవాలో ఆయన లెక్కకట్టి చెప్పాడు. తేదీని నిర్ణయించేది గాలి, నావికుడు కాదు. మన విద్యార్థుల తేదీని నిర్ణయించినవి సెలవులు.

నవంబరు ఎటువంటి మాసమో మన తీరవాసులకు వేరే చెప్పనక్కరలేదు. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెన, 1977 నవంబరు 19న దివిసీమను తుడిచిపెట్టిన ఉప్పెన, రెండూ ఈ మాసంలోనివే. దివిసీమలో పదివేల మంది వరకు మరణించారు. మన విద్యార్థులు ఎంచుకున్న తేదీ ఆ దుర్దినానికి మరునాడు. విశాఖను అతలాకుతలం చేసిన హుద్‌హుద్ తాకినది 2014 అక్టోబరు 12న. బంగాళాఖాతంలో తుపానులకు రెండు ఋతువులు: వానకాలానికి ముందు ఏప్రిల్, మే మాసాలు, వానకాలం తరువాత అక్టోబరు నుండి డిసెంబరు వరకు.

తుపాను రాకపోయినా చిక్కు తీరదు. ఆ మాసాలలో గాలి ఈశాన్యం నుండి వీస్తుంది. చెన్నై నుండి విశాఖ ఉన్నదీ ఈశాన్యానికే. ఏ తెరచాప నావ అయినా గాలికి సూటిగా ఎదురు నడవలేదు. సుమారు నలభై అయిదు డిగ్రీల కోణంలో కొంత దూరం ఒక ప్రక్కకు, కొంత దూరం మరొక ప్రక్కకు, కొండదారిలో బండి ఎక్కినట్లు మెలికలు తిరుగుతూ పోవాలి. పైగా అక్టోబరు నుండి డిసెంబరు దాకా మన తీరం వెంట సముద్ర ప్రవాహం ఉత్తరం నుండి దక్షిణానికి పారుతుంది. గాలి ఎదురు, నీరు ఎదురు. అదే ప్రవాహం ఫిబ్రవరి నాటికి దిశ మార్చుకుని ఉత్తరానికి పారడం మొదలుపెడుతుంది. ఈశాన్యపు గాలి నెమ్మదిస్తుంది, మార్చిలో దక్షిణపు గాలి తోడవుతుంది. తుపానులు అరుదుగా వచ్చే కాలం కూడా అదే. ఏడాదిలో సముద్రమే చేయి పట్టుకుని విశాఖకు నడిపించే మాసాలు ఉండగా, వెనక్కి నెట్టే మాసాన్ని వారు ఎంచుకున్నారు. ఇది పిరికితనానికీ ధైర్యానికీ సంబంధించిన విషయం కాదు. తెలుసుకోవడానికీ తెలుసుకోకపోవడానికీ సంబంధించిన విషయం.

“గట్టు కనబడుతూ ఉండగా పోతాము” అన్నమాటను ఇప్పుడు విచారిద్దాం. గట్టు దగ్గర ఉంటే క్షేమమని నేలమీద బ్రతికే మనందరి నమ్మకం. నావికుని నమ్మకం దీనికి సరిగ్గా విరుద్ధం. నడిసముద్రంలో పెనుగాలి వీస్తే నావ తెరచాపలు తగ్గించుకుని, గాలి తోసినంత దూరం పోనిచ్చి, తరువాత దారి సరిచేసుకోవచ్చు. అక్కడ చోటు ఉంది. తీరం ప్రక్కన ఆ చోటు లేదు. గాలి గట్టువైపు తోస్తున్నప్పుడు రెండు మైళ్ళ దూరంలో ఉన్న నావ చేతిలో గంట కాలం కూడా ఉండకపోవచ్చు. ఆ సంఘటన తరువాత నేను మా బంధువుల ఊరికి పోయినప్పుడు, అక్కడి చేపల రేవులో ఒక వృద్ధ సరంగును ఈ విషయం అడిగాను. “లోపల ఉన్నంతసేపు మాకు భయం లేదు బాబూ, భయమంతా మొగ దాటేటప్పుడే” అన్నాడు. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు. ఎదురెదురుగా వచ్చే నీళ్ళు ఇసుక మేట మీద కెరటాలై విరిగే చోటు అదే.

మన తీరం పటాన్ని ఈ దృష్టితో చదివి చూడండి. చెన్నై దాటగానే పులికాటు ప్రాంతపు తిన్నెలు. ఆపైన కృష్ణపట్నం. అక్కడి నుండి కృష్ణా, గోదావరి డెల్టాల పొడవునా తీరం పల్లం. కొండ లేదు, గుర్తు లేదు, లోతు లేదు. బందరుకు వచ్చిన పెద్ద ఓడలు పూర్వం గట్టుకు మైళ్ళ దూరంలో లంగరు వేసి, సరుకును పడవలలో దించుకున్నది అందుచేతనే. నిజాంపట్నం, మచిలీపట్నం వంటి చోట్ల చేపల పడవలు మొగల గుండా లోపలికి పోతాయి. కాని ఆ మొగలలోని ఇసుక మేటలు ఏటేటా స్థలం మారుతూ ఉంటాయి. అక్కడి సరంగులకు తెలిసిన దారి పరాయి నావకు తెలియదు. ఆ యాట్‌కు క్రింద దిగిన బరువైన కీల్ ఆరడుగులు. అనగా మన లెక్కలో ఒక బార. కెరటాల ఊపు కూడా కలుపుకుంటే రెండు బారల నీరు లేనిచోటికి అది పోరాదు. కాబట్టి కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ చాటుకు చేరేదాకా, గాలి చెడితే తలదాచుకునే చోటు గట్టువైపు లేదని, లోపలి సముద్రం వైపే ఉన్నదని ముందుగా నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయం తుపాను గాలిలో తీసుకునేది కాదు. మన ఇంటి బల్ల దగ్గర తీసుకునేది. పైగా రాత్రివేళ దీపం లేని చిన్న పడవలు, నీటిలో పరచిన వలలు గట్టు ప్రక్కనే ఎక్కువ. వల ప్రొపెల్లరుకు చుట్టుకుంటే ఇంజను ఉండి కూడా లేనట్లే.

ఇక మిగిలినది కూడికలు, గుణకారాలు. చెన్నై నుండి విశాఖకు సుమారు 330 నాటికల్ మైళ్ళు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. ఇటువంటి నావ గాలి బాగుంటే గంటకు అయిదు మైళ్ళు పోతుంది. ఆ లెక్కన 66 గంటలు, అనగా మూడు రోజులకు కొంచెం తక్కువ. నవంబరులో అయితే మెలికల దారి చేత దూరం 460 మైళ్ళు దాటుతుంది, ఎదురు ప్రవాహం చేత వేగం నాలుగు మైళ్ళకు దిగుతుంది. దాదాపు అయిదు రోజులు. అయిదు రోజులు పట్టే ప్రయాణానికి ఎనిమిది రోజులకు సరిపడా మోసుకుపోవడం వివేకం. త్రాగడానికీ వంటకూ మనిషికి రోజుకు నాలుగు లీటర్లు అనుకుంటే, నలుగురు విద్యార్థులు, యజమాని, ఆయన సహాయకుడు కలిసి ఆరుగురికి ఎనిమిది రోజులకు 192 లీటర్ల మంచినీరు కావాలి. మనవారు వ్రాసినది రెండు క్యాన్లు, అనగా నలభై లీటర్లు. అది ఆరుగురికి రెండు రోజులు కూడా నిండదు. ఉన్న నీటినంతా ఒకే తొట్టిలో పోయరాదు. ఒకటి చెడితే మరొకటి ఉండాలి. నిద్ర కూడా నీరువంటిదే, ముందుగా పంచుకోవాలి. రాత్రి అంతా అందరూ మేలుకుని ఉంటే, రెండవ రాత్రికి మేలుకునేవాడు ఒక్కడూ మిగలడు. ఎవరు ఏ నాలుగు గంటలు చుక్కాని దగ్గర ఉంటారో, ఎవరు పడుకుంటారో గట్టు మీదనే వ్రాసుకోవాలి.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది, వెనుదిరగడానికి నియమం. ప్రయాణం ఎట్లా సాగుతుందో వ్రాసిన ప్రణాళిక సగం ప్రణాళిక. ఎప్పుడు మానుకోవాలో వ్రాసినది పూర్తి ప్రణాళిక. ‘మూడో నంబరు ప్రమాద సూచిక’ అని రేడియోలో విన్న మాట మనకు చిన్ననాటి నుండి పరిచయం. 1864 తుపానుల తరువాత, 1865లో కలకత్తా రేవులో మొదలైన ఈ హెచ్చరికల పద్ధతిలో నేడు పదకొండు అంచెలు ఉన్నాయి. ఏ అంచె వినబడితే బయలుదేరరాదో, దారిలో ఉంటే ఏ దిక్కుకు పోవాలో ముందే వ్రాసి అందరూ సంతకం చేయాలి. అప్పుడు వెనుదిరిగినవానిని పిరికివాడనే అవకాశం ఎవరికీ ఉండదు. మన ప్రణాళిక నకలు ఒకటి గట్టు మీద నమ్మకమైనవారి చేతిలో ఉండాలి. ఫలానా గంటకు కబురు రాకపోతే కోస్ట్ గార్డ్ వారి 1554 నంబరుకు తెలపాలని వారికి చెప్పి ఉండాలి. తారిణి చుక్కాని యంత్రాంగం 2018 ఏప్రిల్‌లో హిందూ మహాసముద్రంలో చెడిపోయింది. వారి జాబితాలో మారిషస్‌లో ఆగడం లేదు. అయినా అక్కడికి పోయి, బాగుచేయించుకుని, తరువాతనే గోవాకు వచ్చారు. ఇంటికి ఇంత దగ్గరకు వచ్చి ఆగడమా అని వారు అనుకోలేదు. అదే నావిక విద్య.

ఇన్ని లెక్కలు వేస్తూ కూర్చుంటే ఎవరైనా ఎప్పుడైనా బయలుదేరుతారా అని ఒక ప్రశ్న రావచ్చు. న్యాయమైన ప్రశ్న. ప్రణాళిక పేరుతో పనిని ఎగవేయడం మనకు తెలియని విద్య కాదు. కమిటీలలో కూర్చునే మాబోటివారికి అది మరీ బాగా తెలుసు. అందుచేత నేనొక గుర్తు చెబుతాను. చివరలో తేదీ ఉన్నది ప్రణాళిక, తేదీ లేనిది సాకు. ఆ విద్యార్థులు తేదీ వేసుకుని వచ్చారు, వారిలో ఆ గుణం ఉంది. వారికి లేనిదల్లా ఆ తేదీకి కారణం. నేను ఇచ్చినది తేదీ లేని, కారణం లేని తిరస్కారం. ఇద్దరిలో ఎవరి తప్పు పెద్దదో పాఠకులే నిర్ణయించాలి.

మరొక మాట. ఆ నలుగురిలో విద్యార్థిని ఒక్కరూ లేరు. వారు దృష్టాంతంగా చూపిన నావలో పురుషుడు ఒక్కడూ లేడు. అడిగితే కాదంటారని మన అమ్మాయిలు అడగడమే మానుకున్నారేమో. అట్లా అయితే నా ఒక్క మాట వంటి తిరస్కారాలు మన కళాశాలలో ఎన్ని జరిగి ఉంటాయో ఆలోచించవలసి ఉంది.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవులు మూడు. గ్రంథాలయంలో మన తూర్పు తీరపు నావిక పటాలు తెప్పించండి, వాటిని చదవడం నేర్పే వారిని ఏడాదికి ఒకసారైనా పిలవండి. ఈత నేర్చుకునే ఏర్పాటు బాలురకూ బాలికలకూ వేరువేరుగా చేయండి. మొదటి పేరు నాదే వ్రాసుకోండి. మూడవది, ఎవరైనా విద్యార్థులు ఒక పుట కాగితంతో వస్తే, కాదనేముందు అయిదు ప్రశ్నలు వ్రాసి ఇచ్చే ఆనవాయితీ పెట్టండి.

మన తెలుగులో లంగరు ఫారసీ నుండి వచ్చింది, సరంగు ఫారసీ నుండి వచ్చింది, బందరు పేరే ఫారసీలో రేవు. చుక్కాని అరబ్బీ ‘సుక్కాన్’. ఏనాడో మన రేవులలో రెండు భాషలవారు ఒకే నావలో పనిచేసినందుకు మిగిలిన సాక్ష్యాలివి. ఆ కాలంలో నావకు దారి చూపేవానిని అరబ్బులు ‘ముఅల్లిమ్’ అనేవారు. ఉర్దూ చదివినవారికి తెలుసు, ఆ మాటకు ఉపాధ్యాయుడని అర్థం. ఈ సంగతి చదివిననాడు నాకు కొంత సిగ్గు కలిగింది. ముఅల్లిమ్ పని ప్రయాణాన్ని ఆపడం కాదు, దారి చూపడం.

కాబట్టి ఆ నలుగురు మిత్రులకు ఈ పత్రికా ముఖంగా చెబుతున్నాను. మీరిప్పుడు తృతీయ సంవత్సరంలో ఉన్నారు. ఫిబ్రవరి ఇంకా దూరంలోనే ఉంది. నా ప్రశ్నలు అయిదు: ఏ గాలికి బయలుదేరుతారు? ఎంత లోతు కావాలి? ఎన్ని రోజుల నీరు? ఎవరు ఎప్పుడు నిద్రపోతారు? ఏ గుర్తు చూసి వెనక్కి వస్తారు? జవాబులు వ్రాసుకుని, తల్లిదండ్రుల సమ్మతితో, మళ్ళీ నా గదికి రండి. వీలయితే మీతో చదివే అమ్మాయిలను కూడా అడిగి రండి. బ్యానరు పొడవు గురించి నేను అడగను. జవాబులు సరిగా ఉంటే, ప్రిన్సిపాల్ గారికి పంపే సిఫారసు లేఖ మీద మొదటి సంతకం నాది.